పెదవి ఒకరిది, పాట ఒకరిది

మొన్న వేసవిలో ఒక సాయంత్రం, వైరా అవతల ఒక పల్లెలో, పెంకుటింటి అరుగు మీద కూచుని వుండగా నేను పట్టుబడిపోయాను. పట్టుబడ్డానంటే ఏ పోలీసువారికో కాదు. డెబ్భయి దాటిన ఒక ముసలమ్మకి.

ఆవిడ మనవరాలు మా కాలేజీలో, నా క్లాసులోనే చదువుకుంది. ఆ అమ్మాయి గొంతు సంగతి మా కాలేజీ గోడలక్కూడా తెలుసు. అది పాడిన వరినాట్ల పాటొకటి అంతకు వారం కిందటే వీడియోగా వచ్చింది. లక్షమంది చూశారని ఊరంతా చెప్పుకుంటున్నారు. అమ్మమ్మ మాత్రం చూడలేదు. ఆవిడ కంటికి శుక్లాల ఆపరేషనయి, నల్లద్దాలు తీసి నాలుగు రోజులే అయింది. "సారొచ్చినప్పుడే చూపెడత" అని మనవరాలు ఆపి వుంచిందట. అందుచేత ఆ సాయంత్రానికి నేనే ముఖ్య అతిథిని. పళ్ళెంలో అరిసెలు, స్టీలు గ్లాసులో టీ, మర్యాదలన్నీ పూర్తయ్యాక ఫోను ముసలమ్మ చేతికిచ్చారు.

ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. పచ్చటి పొలం, పొలంలో బురద, ఆ బురద ఏమాత్రం అంటని చీర కట్టుకుని ఒక చక్కని చుక్క, వెనక పదిమంది ఆడపిల్లలు. చక్కని చుక్క నోరు తెరిచింది. మా అమ్మాయి గొంతు వచ్చింది.

"ఏదే, నువ్వేడున్నవ్?" అంది అమ్మమ్మ.

"నేను కనబడనమ్మమ్మా. వినబడత."

"మరి ఈ పిల్లెవరు?"

"యాక్టింగ్ చేసే అమ్మాయి."

ముసలమ్మ పాట అయిపోయేదాకా మాట్లాడలేదు. అయిపోయాక ఫోను ఒళ్ళో పెట్టుకుని, "పాట నీది, నోరు ఆ పిల్లది. సరే. నీ పేరన్న పడ్డదా?" అంది.

మనవరాలు జవాబు చెప్పలేదు. ఒక్క క్షణం నా వేపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఆ చూపు తిప్పుకోవడంలోనే నేను పట్టుబడ్డది.

ఎందుకంటారా? నాలుగు నెలల కిందట ఆ అమ్మాయి ఒక కాగితం పట్టుకుని స్టాఫు రూములోకి వచ్చింది. పట్నం నుంచి ఎవరో వీడియోలు తీసేవారు వచ్చారు, పాటకి మూడు వేలిస్తామన్నారు, ఈ ఒప్పందం మీద సంతకం పెట్టమన్నారు, ఒక్కసారి చదివి చెప్పండి సార్ అంది. కాగితం ఇంగ్లీషులో వుంది. ఇంగ్లీషు చెప్పే మాస్టారు పక్క కుర్చీలోనే వున్నారు. వారికి చూపించవమ్మా అనవలసింది. కాని తెలుగు ఎమ్మే చదివినవాడికి ఇంగ్లీషు కాగితం చదవమని ఇస్తే కలిగే గర్వం మీకు తెలియదు. కళ్ళజోడు సర్దుకుని చదివాను. మూడు వేలు పుచ్చుకున్న తరవాత గాయనికి ఆ పాట మీద ఏ హక్కూ వుండదు; పేరు వెయ్యడమూ వెయ్యకపోవడమూ కంపెనీవారి ఇష్టం. అదీ సారాంశం.

"అంటే పేరు వెయ్యరా సార్?" అంది.

ఆ ప్రశ్నకి 'వెయ్యరమ్మా, వెయ్యమని అడుగు' అన్నది జవాబు. ఆరు మాటలు కూడా లేదు. నేను దానికి బదులు అరగంట ఉపన్యాసం ఇచ్చాను. మా వృత్తిలో వున్న రోగం ఇది.

ఉపన్యాసం మాత్రం బాగానే వచ్చింది, చెప్పుకోకేం. 1932లో మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చినప్పుడు నటించేవాడే పాడుకోవాలి, వేరే దారి లేదు అన్నాను. కెమెరా తిరుగుతుంటే మైకు వింటూ వుండేది. వాద్యాలవాళ్ళు కెమెరాకి కనబడకుండా ఏ చాటునో కూచుని వాయించేవారు. పాట రానివాడికి వేషం లేదు. 1935లో కలకత్తా న్యూ థియేటర్సువారు 'ధూప్ ఛావ్' అనే హిందీ చిత్రంలో పాటని ముందుగా రికార్డు చేసి, తరవాత దాన్ని వినిపిస్తూ బొమ్మ తీశారు. ఆనాటితో పాటకీ ముఖానికీ వున్న పీటముడి విడిపోయింది. మన తెలుగులో 1944లో వచ్చిన 'తాసీల్దార్'లో ఎం.ఎస్. రామారావుగారు తెర వెనకనుంచి పాడారు. నాగయ్యగారు, భానుమతిగారు తమ పాటలు తామే పాడుకునే జాతి. అక్కినేనివారు సైతం తొలినాళ్ళలో సొంతంగా పాడుకున్నవారే. తరవాత ఘంటసాల వచ్చారు, ఇక ఎవరూ పాడుకోవలసిన అవసరం లేకపోయింది.

ఘంటసాల పేరు వచ్చిందంటే నేను ఆగను. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో వెన్నెల్లో పడవ మీద పాట వుంది కదా, అందులో అభిమన్యుడిగా నాగేశ్వరరావుగారికీ, కృష్ణుడిగా రామారావుగారికీ గొంతు ఆయనదే. ఒకే పాటలో, ఒకే పడవలో, అల్లుడికీ మామకీ ఒకే గొంతు! చూసినవాడెవడికైనా అనుమానం వచ్చిందా? ఆ చిత్రంలోనే సావిత్రిగారు మాయా శశిరేఖయి, సుశీలమ్మ గొంతుతో పాడుతూ పాడుతూ మధ్యలో మగగొంతులోకి జారి, మళ్ళీ తేరుకుంటుంది. ఆ గొంతులు రెండూ ఆవిడవి కావు. ఆ మూతి విరుపు, ఆ ఉలికిపాటు మాత్రం ఏ గాయకుడూ పాడి ఇవ్వలేడు. 1961లో 'జగదేకవీరుని కథ'లో శివశంకరీ అంటూ రామారావుగారు పాడుతుంటే పక్కన వాద్యాలు వాయించేవారూ రామారావుగార్లే. ఆ స్వరాలకి పెదవి కలపడం ఎంతటి తపస్సో చూడు అన్నాను.

ఇక 1980లో వచ్చిన 'శంకరాభరణం'. శంకరశాస్త్రిగా నటించిన సోమయాజులుగారు సంగీత విద్వాంసులు కారు, రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. పాడిన బాలసుబ్రహ్మణ్యంగారు గురువు దగ్గర కూచుని శాస్త్రీయ సంగీతం అభ్యసించినవారు కారు. పాడనివాడి ముఖమూ, శాస్త్రం చదవనివాడి గొంతూ కలిస్తే తెలుగుదేశంలో తరాలు మరిచిపోని సంగీత విద్వాంసుడు తయారయ్యాడు. ఆ విద్వాంసుడు ఎక్కడున్నాడు? ముఖంలోనా, గొంతులోనా? "గొంతుకి ముఖంతో పనేమిటమ్మా, పేరుతో పనేమిటమ్మా" అని ముగించాను. పక్క కుర్చీ ఇంగ్లీషు మాస్టారు కూడా పుస్తకం మూసి విన్నారు.

అమ్మాయి నా మాట విని సంతకం పెట్టింది. నా బల్ల మీదే పెట్టింది.

నేను చెప్పనిదల్లా ఏమిటంటే, నేనేకరువు పెట్టిన వాళ్ళందరికీ పేరు వుంది. ఘంటసాలవారి ముఖం తెర మీద కనబడకపోయినా పేరు కనబడింది. పేరు లేకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. క్లాసులో రెండుమూడు సార్లు కథగా చెప్పాను కూడా. 1949లో హిందీలో 'మహల్' వచ్చింది. అందులో ఒక పాట దేశాన్ని వూపేసింది. గ్రామఫోను రికార్డు మీద గాయని పేరుండవలసిన చోట 'కామిని' అని అచ్చువేశారు. కామిని అంటే ఆ చిత్రంలో కథానాయిక పాత్ర పేరు. పాడింది ఇరవై ఏళ్ళ లతా మంగేష్కర్. పాత్రకి వున్నపాటి పేరు పాడిన పిల్లకి లేకపోయింది. ఇంకొక కథ పశ్చిమ దేశాలది. 1990 ఫిబ్రవరిలో మిల్లి వెనిల్లి అనే జంటకి అమెరికాలో గ్రామీ బహుమతి ఇచ్చారు. చూడచక్కని యువకులు, వీడియోల్లో అద్భుతంగా నాట్యం చేస్తారు. తీరా చూస్తే వాళ్ళ రికార్డుల్లో గొంతు వాళ్ళది కాదు. నవంబరుకల్లా బహుమతి వెనక్కి తీసుకున్నారు. లోకం ఆ ఇద్దరినీ చీల్చి చెండాడింది. పాడినవాళ్ళు వేరే వున్నారు కదా, వాళ్ళ పేర్లేమిటని అడిగితే ఎంతమంది చెప్పగలరు? దొంగ దొరికాడు సరే, సొత్తుగలవాడిని ఎవరూ తలుచుకోలేదు.

ఇదంతా తెలిసి వుండే ఆ పిల్ల చేత సంతకం పెట్టించాను.

ఆ రాత్రి బస్సులో తిరిగి వస్తుంటే నాకు ఆ అమ్మాయి కన్నా ముందు మరొకడు గుర్తుకొచ్చాడు. ముప్ఫయ్యేళ్ళుగా గుర్తు చేసుకోకుండా జాగ్రత్తపడ్డవాడు.

1994లో నేను పదో తరగతి. మధిర దగ్గర మా ఊరి బళ్ళో వార్షికోత్సవానికి తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయములు' నుంచి రాయబారం ఘట్టం వేయించారు. కృష్ణుడి వేషం నాకిచ్చారు. ఎందుకంటే నేను తెల్లగా వుంటాను. నల్లనయ్య వేషానికి తెల్లటివాణ్ణి వెతికి పట్టుకుని వాడికి నీలం రంగు పులమడం మన నాటకాల ఆచారం. చిక్కేమిటంటే నాకు పద్యం చదవడమే గాని పాడడం రాదు. రాయబారంలో కృష్ణుడు పద్యం పాడకపోతే జనం కుర్చీలు విసురుతారు.

పాడగలవాడు మా క్లాసులోనే ఒకడున్నాడు. వాళ్ళ నాన్నకి మైకుసెట్టు వుండేది. పెళ్ళిళ్ళకీ శ్రీరామనవమికీ అద్దెకిచ్చేవారు. వాడు పుట్టినప్పటినుంచీ రాయబారం రికార్డులు వింటూ పెరిగాడు. గొంతెత్తితే చెరువు అవతల గొడ్లు కాసేవాళ్ళు ఆగి వినేవారు. కాని పోలియో వచ్చి ఎడమకాలు ఈడ్చి నడిచేవాడు. కృష్ణుడు కుంటగూడదని పెద్దలు తీర్మానించారు. వాడు తెర వెనక రెండో మైకు పట్టుకుని పాడేటట్టూ, నేను ముందు నిలబడి నోరు కదిపేటట్టూ నిర్ణయమయింది. అద్దె లేకుండా మైకుసెట్టు కూడా కలిసివచ్చింది.

నోరు కదపడమంటే తేలిక అనుకున్నాను. పద్యం ఉన్నంతసేపూ తేలికే, కంఠతా వచ్చు కనక. పద్యం చివర రాగం తీస్తారు చూడండి, అదీ ప్రాణం తీసింది. వాడికి మనసు పుట్టినంతసేపు తీసేవాడు. ఎప్పుడు ఆపుతాడో నాకు తెలియదు. ఒకసారి నేను నోరు మూసేశాక కృష్ణుడి కడుపులోంచి రాగం వస్తూనే వుంది. ఇంకోసారి రాగం ఆగిపోయాక కూడా నేను నోరు తెరుచుకుని ఆవలిస్తున్నవాడిలా నిలబడ్డాను. రిహార్సల్సులో అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. "నేను ముగించే ముందు స్టేజీ చెక్క మీద కాలితో రెండుసార్లు తడతాన్రా. నీ పాదానికి తెలుస్తుంది. రెండోది తట్టగానే మూసెయ్." కుంటికాలితోనే తట్టేవాడు, రెండోకాలి మీద నిలబడాలి కద.

ఉత్సవం నాడు ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. చెక్క మీది ఆ రెండు దెబ్బలూ నా అరికాలికి ఇప్పటికీ తెలుసు. రెండు పద్యాలకి వన్స్‌మోర్ కొట్టారు. ముఖ్య అతిథిగారు స్టేజీ ఎక్కి, నా భుజం తట్టి, ఈ వయస్సులో ఇంత గాత్రమా అని మెచ్చుకుని నూట పదహార్లు నా చేతిలో పెట్టారు. వారికి తెర వెనక సంగతి తెలియదు. నాకు తెలుసు. నా ముందు మైకు వుంది, దానికి కరెంటూ వుంది. "అయ్యా, పాడింది నేను కాదు" అని ఒక్కమాట చాలు. నేను నమస్కారం పెట్టాను. పక్కకి చూస్తే వాడు తెర సందులో కూచుని వైరు చుట్టుకుంటున్నాడు.

ఆ డబ్బుతో క్రికెట్ బ్యాటు కొన్నాను. ఆ వేసవంతా దాంతో నేను ఆడాను, వాడు నాకు బంతులు వేశాడు.

మర్నాటి ఆదివారం ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని పట్నం వెళ్ళాను. కంపెనీ అంటే ఏ మేడో అనుకున్నాను. రెండు గదుల ఇల్లు, రెండు కంప్యూటర్లు, గోడకి దండలు వేసిన దేవుళ్ళు. యజమాని ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, మర్యాదస్తుడు. నన్ను సార్ అని కుర్చీ వేశాడు. తగాదాకి సిద్ధపడి వెళ్ళినవాడికి ఎదుటివాడి మర్యాదలాంటి అవాంతరం ఇంకొకటి లేదు.

అక్కడే ఆ చక్కని చుక్క కూడా వుంది. ఇంకేదో పాట చిత్రీకరణకి వచ్చిందట. నన్ను నిజం చెప్పమంటే, ఆ పిల్ల మీద నాకు అప్పటికి కోపంగానే వుంది. మా అమ్మాయి పాటని ఎత్తుకుపోయినట్టు. ఆ పిల్ల మా అమ్మాయిని చూడగానే, "అక్కా, నువ్వేనా!" అని వచ్చి చేతులు పట్టుకుంది. చిత్రీకరణకి ముందు ఆ పిల్ల ఎలాగో నంబరు సంపాదించి మా అమ్మాయికి ఫోను చేసిందట. ఏ పాదం దగ్గర ఊపిరి తీసుకుంటున్నావో ఒక్కసారి పాడి చూపించమని అడిగి, రాసుకుందట. మా అమ్మాయి నాకీ సంగతి చెప్పనేలేదు.

"పెదవి కదిపితే చాలదు సార్," అంది ఆ పిల్ల. "మెడ దగ్గర నరం కదలాలి, ఊపిరి తీసినప్పుడు భుజం లేవాలి. అందుకే నేను నిజంగానే పాడేస్తాను. నా గొంతు ఘోరంగా వుంటుంది. అందుకని స్పీకరు గట్టిగా పెట్టమంటాను."

నాకు కుతూహలం హెచ్చి వచ్చిన పని మరిచిపోయి ప్రశ్నలు వేశాను. బొమ్మ సెకనుకి 24 ఫ్రేములు నడుస్తుంది. ఒక్క ఫ్రేము తేడా వస్తే కొందరు కనిపెడతారు. మూడు నాలుగు వస్తే పసిపిల్లవాడైనా కనిపెడతాడు. వెనకటి రోజుల్లో స్టూడియోల్లో నాగ్రా అనే టేపు యంత్రం మీద పాట వేసేవారు. ఇప్పుడు చేతిసంచీలో పట్టే స్పీకరు. అది పొలంగట్టున దూరంగా పెడితే తంటా. ధ్వని గాలిలో సెకనుకి సుమారు 340 మీటర్లే పోతుంది కనక, స్పీకరు పధ్నాలుగు మీటర్ల దూరంలో వుంటే పాట ఒక ఫ్రేము ఆలస్యంగా చెవిని పడుతుంది. పెదవి వెనకబడుతుంది. చూసేవాడు ధ్వని కాస్త వెనకబడితే ఓర్చుకుంటాడు గాని ముందుకొస్తే ఓర్చుకోడు. మెరుపు తరవాత ఉరుము వినడానికి అలవాటుపడ్డ ప్రాణం కద మనిషిది. ఇక ఆ చీర కొంగు గాలిలో మెల్లగా తేలుతూ వుండగా పాట మాత్రం మామూలుగా నడిచే దృశ్యాలు చూశారా? వాటికి పాటని రెట్టింపు వేగంతో వేస్తారు. నటి రెట్టింపు వేగంతో నోరు కదుపుతుంది. సెకనుకి 48 ఫ్రేములు తీసి, దాన్ని 24కి దింపుతారు. పెదవులు పాటతో కలుస్తాయి, కొంగు తేలుతుంది. రెట్టింపు వేగంలో ఆ పాట కోడిపిల్ల కూతలా వుంటుందని ఆ పిల్ల పాడి వినిపించింది. అందరం నవ్వాం. మోకాటిదాకా బురదలో నిలబడి అలా రెండు రోజులు చేసిందట.

"అన్నిటికన్నా కష్టం మా, బా, పా అక్షరాలు సార్" అంది. నాకు ప్రాణం లేచివచ్చింది. ప, ఫ, బ, భ, మ, ఓష్ఠ్యాలు! పాతికేళ్ళుగా బ్లాకుబోర్డు మీద రాస్తున్న వర్గం. పెదవులు రెండూ తాకనిదే అవి పలకవు. ఆ క్షణంలో కెమెరాకి నోరు తెరిచి కనబడిందా, గుట్టు రట్టయిందే. దండి రాసిన దశకుమార చరితంలో మంత్రగుప్తుడనేవాడు ప్రేయసి చేసిన పంటిగాటు వల్ల పెదవులు కదపలేక, ఓష్ఠ్యాలు రాకుండా తన కథంతా చెప్పుకొస్తాడు. మన మరింగంటి సింగరాచార్యులుగారు రామాయణమంతా నిరోష్ఠ్యంగా రాశారు. రాముడి పేరులోనే 'మ' వుంది! అందుకని కావ్యానికి 'దశరథరాజనందన చరిత్ర' అని పేరు పెట్టుకున్నారు. పలికి చూడండి, పెదవి పెదవికి తగలదు. వీడియోలు తీసేవారికి ఇంతటి వరప్రసాది కవి మళ్ళీ పుట్టడు. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మరో వింత కనిపెట్టారు. 'బ' అనే శబ్దాన్ని వినిపిస్తూ 'గ' అంటున్న నోటి బొమ్మ చూపిస్తే, చాలామందికి 'ద' అని వినబడుతుంది. కళ్ళు మూసుకుంటే మళ్ళీ 'బ'. చెవి వింటున్నదాన్ని కన్ను దిద్దుతుందన్నమాట. ఆ లెక్కన మా అమ్మాయి పాటలో సగం పాట ఆ పిల్ల పెదవుల్లోనే వుంది. నా కోపం ఎటుపోయిందో తెలియదు.

"నీకెంతిచ్చారమ్మా?" అన్నాను మెల్లగా.

"రెండు వేలు సార్."

"నీ పేరు వేశారా?"

"లేదు సార్."

అప్పుడు వీడియో మళ్ళీ పెట్టించి పేర్లు చదివాను. కెమెరా ఫలానా, ఎడిటింగ్ ఫలానా, నిర్మాత ఫలానా. పాడిన పిల్ల లేదు, ఆడిన పిల్ల లేదు. రచన దగ్గర మాత్రం ఒక మగవాడి పేరు, కంపెనీవారి బంధువు.

యజమాని తల గోక్కున్నాడు. తరవాత నిజం చెప్పాడు. "పేర్లు వేస్తే రేపు ఇంకో కంపెనీవాడు పట్టుకుపోతాడు సార్. ఇద్దరమ్మాయిల్ని అట్లనే పోగొట్టుకున్న." దొంగమాట కాదది, భయం. అయినా అప్పు చేసి కొన్న కెమెరావాడి భయానికి ఈ పిల్లలిద్దరూ ఎందుకు మూల్యం చెల్లించాలి? ఆ మాటే అన్నాను. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. అమ్మాయి కూడా అంది, అదే మొదటిసారి: "ఇంకో పాట కావాలంటే పేరు వెయ్యండన్నా. లేకపోతే పాడను. ఈ అక్క... ఈ చెల్లె పేరు కూడా."

నెల రోజులకి వీడియో కింద వివరాల్లో పేర్లు చేర్చారు. వేలితో నొక్కి తెరిస్తేనే కనబడే చోట. మా అమ్మాయి పేరులో ఒత్తు తప్పు పడింది. ఫోను చేస్తే దిద్దారు. రెండో పాటకి మాత్రం తెర మీదనే వేశారు, మూడు సెకన్లు. గానం అని ఒకరు, నటన అని ఒకరు. డబ్బు ఐదు వేలయింది. రచన సంగతి ఇంకా తేలలేదు. 'జానపదం' అని వేస్తామంటారు. సేకరణ అని అమ్మమ్మ పేరు వెయ్యమంటాం మేము. రచన దగ్గర మగవాడి పేరుందని విని అమ్మమ్మ, "ఆయన ఏ ఊళ్ళ నాటేసిండు?" అని అడిగింది. నీ పేరు వేయిస్తామంటే, "నాదేంది, అది మా అత్త పాడేది" అంది. ఆ అత్త పేరేమిటని అడిగితే ఆలోచించి చెప్పింది. నేను రాసుకున్నాను. ఇక్కడ మాత్రం ఎవరి పేరూ రాయడం లేదు. వాళ్ళ సంగతి వాళ్ళ పాట కిందే పడాలి గాని నా వ్యాసంలో కాదు.

ఇంత చేశాక, మిగిలినది చెయ్యకపోతే నిద్రపట్టదని దసరా సెలవుల్లో మా ఊరు వెళ్ళాను.

వాడిదిప్పుడు బస్‌స్టాండు దగ్గర కొట్టు. మైకుసెట్టు, షామియానాలు, కుర్చీలు. మనిషి లావెక్కాడు. ధనుర్మాసంలో రామాలయంలో ఇప్పటికీ వాడే పాడతాడు. జనం మైకులోంచే వింటారు. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు. అవీ ఇవీ అయ్యాక గొంతు సవరించుకుని, "ఒరే, ఆ నూట పదహార్లు..." అని మొదలెట్టాను.

"ఏ నూట పదహార్లు?"

చెప్పాను. స్టేజీ, ముఖ్య అతిథి, బ్యాటు, అన్నీ. వాడు వింటూ ఒక స్పీకరు వైరు తెంపి కొత్త పిన్ను బిగిస్తున్నాడు. అయ్యాక తలెత్తి, "డబ్బు సంగతి నాకు తెలవనే తెలవదు. రెండో పద్యంలో వన్స్‌మోర్ అన్నప్పుడు నువ్వు ముందే నోరు మూసినవ్. నేనొక్కసారే తట్టిన. అది మాత్రం ఇప్పటికీ కడుపుల వుంది" అన్నాడు.

ఇదంతా పత్రికకి రాస్తాను, నీ పేరు వేస్తాను అన్నాను. "ఇప్పుడెందుకు, వద్దు" అన్నాడు. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ వద్దన్నాడు.

జేబులోంచి ఫోను తీసి మా అమ్మాయి పాట పెట్టాను. వాడు బొమ్మ చూడలేదు. ఫోను తీసుకుని, తను బిగించిన స్పీకరుకి తగిలించి, కళ్ళు మూసుకున్నాడు. కొట్టు ముందు టీ తాగేవాళ్ళు ఇటు తిరిగారు. మధ్యలో ఒకసారి చెయ్యెత్తి నన్ను మాట్లాడవద్దన్నాడు. పాట అయిపోయింది.

"ఎవరీ పిల్ల?"

"మా స్టూడెంటు. బొమ్మలో వున్నపిల్ల కాదు, పాడినపిల్ల."

"బొమ్మల పిల్లని కూడ చూడనియ్" అని రెండోసారి పెట్టి, ఈసారి కళ్ళు చికిలించి తెరని చూశాడు. సగం దాకా చూసి, "ఊపిరి కలిసింది రా. ఎవరు చెప్పిన్రు ఈ పిల్లకి?" అన్నాడు.

"పాడినపిల్లే చెప్పింది."

"నీకు నేను చెప్పలే" అన్నాడు. "కాలితో తట్టుడే చెప్పిన. ఊపిరి సంగతి అప్పుడు నాకూ తెలవదు."

టీ వచ్చింది. పాట మళ్ళీ మొదటికి పెట్టాడు.